ఎరువు వేయని మడి

బాబాయి చేలో రోడ్డు పక్కనున్న మడి పాలిపోవాలి. మా ప్రయోగానికి అది అవసరం.

పంట మొక్కజొన్న. మూడు మడుల్లోనూ అదే విత్తనం, అదే నేల, అవే నీళ్ళు. ఒక మడికి యూరియా అంతా ఒకేసారి వేశాం. రెండో మడికి విడతలుగా వేస్తున్నాం. మూడో మడికి గింజంత కూడా వేయలేదు. యూరియా పడిన నేలలో కంటికి కనిపించని జీవులు ఉంటాయి. అవి దాన్ని విరిచి వాడుకుంటున్నప్పుడు కొంత నత్రజని నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువుగా మారి పైకి లేస్తుంది. వేడిని పట్టి ఉంచడంలో అది బొగ్గుపులుసు వాయువుకన్నా వందల రెట్లు గట్టిది. ఏ పద్ధతిలో ఎరువు వేస్తే ఎంత లేస్తుందో కొలవడం నా పని.

అయితే ఎరువు వేయకపోయినా నేల తన పాటికి తాను కొంత వదులుతూనే ఉంటుంది. ఆ కొంత ఎంతో తెలియాలంటే వట్టి మడి ఒకటి ఉండాలి. మిగతా మడుల అంకెలోంచి దాని అంకె తీసేస్తే మిగిలేదే ఎరువు వల్ల వచ్చినది. వట్టి మడి పాడైతే ఈ పంటకాలం పోయినట్టే, నా పరిశోధన ఏడాది వెనక్కి పోయినట్టే. మా కుటుంబంలో పెద్ద చదువు దాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పరిశోధన వెనక్కి పోవడం అంటే ఏమిటో ఇంట్లో వాళ్ళకి తెలియదు. ఫెయిలయ్యానని అనుకుంటారు.

ఏ మడి ఎక్కడుండాలో చీటీలు తీసి నిర్ణయించాం. వట్టి మడి రోడ్డు పక్కకి పడింది. చుట్టుపక్కల అందరికన్నా నిగనిగలాడే పైరు బాబాయిదే అని పేరు. ఆ పేరున్న చేలో, వచ్చేపోయేవాళ్ళందరి కంటా పడేచోట, కింది ఆకులు కొసలనుంచి పసుపు తిరగడం మొదలైంది.

పక్క చేను ఆయన నోరు ఒక్క క్షణం ఊరుకోదు. అందుకే అందరూ ఆయన్ని రేడియో అంటారు. రోజూ బండి ఆపి గట్టు మీద నిలబడేవాడు.

"ఏం అన్నయ్యా, పైరుకి కామెర్లా?"

"చదువుకున్న పిల్ల చెప్పింది, అలాగే ఉండాలట" అన్నాడు బాబాయి, తల ఎత్తకుండా.

"అమ్మాయ్, ఆ పెట్టెలో ఏం గాలి పడుతున్నావు?"

"నైట్రస్ ఆక్సైడ్ అండీ. ఆపరేషన్ల ముందు మత్తుకి కూడా వాడతారు. నవ్వు పుట్టించే వాయువు అని ఇంకో పేరు."

"అదీ సంగతి! మీ బాబాయి చేను చూసి అందరూ ఎందుకు నవ్వుతున్నారా అనుకుంటున్నాను."

బాబాయి కూడా నవ్వాడు. కానీ ఆ రోజు నుంచి ఇంటికి చుట్టుదారిలో వెళ్ళడం మొదలుపెట్టాడు.

మా కొలత పద్ధతి చెప్పడానికి తేలికే. ప్రతి మడిలోనూ వరసల మధ్య ఇనుప చట్రాలు నేలలోకి దిగగొట్టి ఉంటాయి. కొలిచేటప్పుడు చట్రం మీద ఒకవైపే తెరిచి ఉన్న పెట్టె బోర్లిస్తాను. నేలలోంచి లేచిన గాలి బయటికి పోకుండా అందులోనే చేరుతుంది. కాసేపు ఆగి, కాసేపు ఆగి, సిరంజితో ఆ గాలి తీసి చిన్న సీసాల్లోకి ఎక్కిస్తాను. సీసాలు ప్రయోగశాలకి తీసుకెళ్తే అక్కడి యంత్రం అంకె చెబుతుంది. ఎండలో పెట్టె పక్కన గొంతుక్కూర్చుని వాచీ చూసుకుంటూ ఉండాలి. పిన్ని మంచినీళ్ళు తెచ్చి, నా నెత్తిన తువ్వాలు కప్పి, పెట్టెకేసి అనుమానంగా చూసి వెళ్ళేది.

ఒకేసారి ఎరువు వేసిన మడిలో, వాన పడ్డాక, అంకె ఒక్కసారిగా పైకి లేచింది. అలా లేస్తుందని పుస్తకాల్లో చదివాను. నా చేతులతో తీసిన గాలిలో కనబడేసరికి నా పద్ధతి సరిగ్గానే ఉందని ధైర్యం వచ్చింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర పిల్లలా సంబరపడ్డాను.

"పెరిగింది పిన్నీ! అంకె ఎంత పెరిగిందో తెలుసా!"

"పెరిగిందా తల్లీ? మంచిదేగా" అంది పిన్ని, నా పళ్ళెంలో ఇంకాస్త వడ్డిస్తూ.

తర్వాతి వారం వట్టి మడి అంకె పెరిగింది. మామూలుగా అది సున్నాకి దగ్గరగా, నేలకి ఆనుకుని ఉంటుంది. ఈసారి మూడు మడుల్లోకీ అదే ఎక్కువ. సీసాలు తారుమారయ్యాయేమోనని వాటి మీది చీటీలు చూశాను. సరిగ్గానే ఉన్నాయి. యంత్రాన్ని అంకె ముందే తెలిసిన గాలితో సరిచూసి మళ్ళీ ఎక్కించాను. అదే అంకె. ఆ మడిలో ఒక్క చట్రం కాదు, అన్ని చట్రాలూ అలాగే ఉన్నాయి.

చేలోకి వెళ్ళి మోకాళ్ళ మీద వంగి చూశాను. చట్రం లోపలి అంచున, వాన నీళ్ళు తగలని మూల, తెల్లటి యూరియా గుళికలు రెండు అంటుకుని ఉన్నాయి.

బాబాయి గట్టు మీదే ఉన్నాడు. అరచేతిలో పెట్టి చూపించాను.

"నేను కాదు."

"మరి ఎవరు బాబాయ్? రోడ్డున పోయేవాళ్ళు వచ్చి చట్రాల్లో వేసి పోతారా?"

"నవ్వేవాళ్ళందరికీ సమాధానం చెప్పుకుంటూ నెల నుంచి కాపాడుతున్నాను ఆ మడిని. ఇప్పుడు దొంగనయ్యానా?"

ఆయన గొంతు పెంచలేదు. తలగుడ్డ దులుపుకుని ఇంటివైపు నడిచాడు. ఈసారి రోడ్డు మీదుగానే వెళ్ళాడు.

ఇంటికి వెళ్ళేసరికి పిన్ని గిన్నెలు తోముతోంది. బాబాయి గుమ్మంలో నిలబడి జరిగింది చెబుతున్నాడు. పిన్ని చేతులు ఆగాయి.

"ఆయన్నెందుకంటావు? వేసింది నేను."

"నువ్వా?"

"ముగ్గురు పిల్లల్లో ఇద్దరికి పెట్టి ఒకరిని పస్తుంచితే ఎవరు చూస్తూ ఊరుకుంటారే? సరే, చేనంతా వేస్తే నీ పని చెడుతుందేమోనని, నువ్వు పెట్టె పెట్టే చోట మాత్రం తలా చెంచాడు వేశాను. అక్కడ అంకె పెరిగితేనేగా నీకు మార్కులు."

"ఎవరు చెప్పారు పిన్నీ నీకు?"

"నువ్వే. పెరిగింది పెరిగిందని ఆ రోజు ఎగిరి గంతేశావుగా."

చేనిమ్మని అడిగేటప్పుడు బాబాయికి అంతా విడమరిచి చెప్పాను. పిన్నికి చెప్పాలని మా ఇద్దరికీ తోచలేదు.

సిరంజి కారిందని రాస్తే ఆ రోజు అంకెలు కొట్టేయవచ్చు. ఎవరూ అడగరు. కానీ పడిన యూరియా నేలలోనే ఉంటుంది, వచ్చే వారం కూడా పలుకుతుంది. మా గైడు మేడమ్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"చట్రాల బయట కూడా పడిందా?" అని అడిగింది మేడమ్.

పిన్నిని అడిగాను. పిన్ని లేచి వంటింట్లోంచి చెంచా తెచ్చి, వంగి, నేల మీద చట్రమంత గడి గీసి, మధ్యలో చెంచా బోర్లించి చూపించింది. "బయట ఒక్క పలుకు పడనివ్వలేదు. ఉప్పు వేసినట్టు చూసి చూసి వేశాను."

అదే ఫోన్‌లో చెప్పాను.

"అయితే మడి బతికే ఉంది" అంది మేడమ్. "ఆ చోట్లకి దూరంగా, వాలుకి పైన కొత్త చట్రాలు దించు. నేల కుదుటపడ్డాక కొలువు. ఈ వారం అంకెలు పోయినట్టే. ఎందుకు పోయాయో అలాగే రాయి."

కొత్త చట్రాలు బాబాయే దిగగొట్టాడు. నేను పట్టుకున్నాను, ఆయన సుత్తి వేశాడు. నా మాటకి క్షమించమని అడిగితే, "చెయ్యి తియ్యి, దెబ్బ తగులుద్ది" అన్నాడు. అంతకుమించి ఆ సంగతి రాలేదు.

పాత చట్రాల దగ్గర అంకె ఎందుకంత లేచిందో పిన్ని అడిగింది. ఇరుకు జాగాలో అంత ఎరువు పడి, పైన వాన పడిందని చెప్పాను.

"అంటే నేను పెట్టింది గాలికి పోయిందా?"

"కొంత గాలికి, కొంత నీళ్ళకి, కొంత మొక్కకి."

పిన్ని వెళ్ళి ఆ పక్క మొక్కల్ని చూసింది. కాస్త రంగు తేరుకున్నాయి. ఆ కాస్తకి సంతోషించాలో లేదో ఆమెకి తేలలేదు.

మర్నాడు రేడియో బండి ఆగింది.

"ఏం వదినా, రోగి ఇంకా కోలుకోలేదా?"

"కోలుకోకూడదు. నీ చెయ్యిగానీ ఇటు పడిందా, విరుస్తాను."

"అమ్మో, ఈవిడకీ ఎక్కింది చదువు!"

కొత్త చట్రాల మొదటి అంకె వచ్చిన రోజు కాగితం పిన్నికి చూపించాను. అది మళ్ళీ నేలకి ఆనుకుని ఉంది.

"ఇంతేనా? ఇంత చిన్నదా?"

"ఇంత చిన్నదే కావాలి పిన్నీ."

పిన్ని కాగితాన్ని దూరంగా పట్టి, దగ్గరగా పట్టి చూసింది. "సరేలే, నీకు కావలసిందే వచ్చింది కదా" అని నా చేతికిచ్చింది. ఆమెకి పూర్తిగా నచ్చలేదు. ఆ యూరియా చెంచా మాత్రం మళ్ళీ వంటింట్లోకి రాలేదు. పనిముట్ల కొట్టంలో, సుత్తి పక్కన, మేకుకి వేలాడుతోంది.