ఆంబ్రోస్ చేసిన బంతిపీటలు

మా కోల్‌బ్రూక్‌లో పద్నాలుగేళ్లలో నాలుగు ఫుట్‌బాల్ జట్లు పుట్టి చచ్చాయి. నాలుగింటి పుట్టుకకూ వెళ్లాం, నాలుగింటి చావుకూ వెళ్లాం, నేనూ నా మొగుడు ఆంబ్రోసూ. ఎప్పుడూ అవే కుర్చీలు, గోడను ఆనుకున్న మొదటి వరుసలో ఏడూ ఎనిమిదీ.

బయట పెద్ద మైదానాల్లో ఆడే ఆట కాదు ఇది. శీతాకాలం నేలంతా మంచు గడ్డకట్టించి హాకీ ఆడే హాల్లోనే, ఆ మంచు మీద చెక్కలు పరిచి, చెక్కల మీద పచ్చ తివాచీ పరిచి ఆడతారు. ఇంత చోటులోనే కోడిగుడ్డులా కోలగా ఉండే బంతిని విసురుకోవడం, చంకలో ఇరికించుకుని పరిగెత్తడం, ఒకరినొకరు కుమ్ముకోవడం. చుట్టూ నడుమెత్తు గోడ, గోడకు మెత్తలు. పరిగెత్తుకొచ్చినవాడు ఆగలేకపోతే గోడ మీంచి వచ్చి మన ఒళ్లో పడతాడు. అడుగున మంచు ఉండటంతో ఏప్రిల్‌లో కూడా కాళ్లు కొంకర్లు పోయేవి. ముప్ఫై ఏళ్లు బడి వంటగదిలో నిలబడిన కాళ్లు నావి, ఒక్కరోజు కూడా ఇంటికి పోదాం అనలేదు.

ఈ ఆటకు ఒక ఆచారం ఉంది. గోడ దాటి జనంలోకి వచ్చిన బంతి పట్టినవాళ్లదే. ఎవరూ వెనక్కి అడగరు. ఆంబ్రోస్‌కు జీవితంలో ఒక్క బంతి కావాలి, తన చేతులతో పట్టినది. పిల్లలు లేరు, పొలం లేదు, దేవుణ్ణి కూడా ఏమీ అడగని మనిషి. ఈ ఒక్కటే అడిగాడు.

ఆంబ్రోస్ ఇనుము పోతపోసే కార్ఖానాలో చెక్క అచ్చులు చేసేవాడు. అచ్చును ఇసుకలో అదిమి తీసేస్తే మిగిలిన ఖాళీలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ చేతులు వెంట్రుకవాసి తేడా కూడా పసిగట్టేవి. తొంభై ఎనిమిదిలో కార్ఖానా మూసేశారు. మరుసటి ఏడాదే ఊరికి మొదటి జట్టు వచ్చింది, దాని పేరు ఫర్నేస్. ఊళ్లో కొలిమి ఆరిపోయాక ఆటగాళ్ల చొక్కాల మీద కొలిమి వెలిగింది. ఐదువేల మంది కూర్చునే హాలు కిటకిటలాడేది. పనిలేని మగాళ్లందరూ అక్కడే గొంతు చించుకునేవాళ్లు. నేను వాళ్లకంటే ఎక్కువ చించుకునేదాన్ని.

ఆ మొదటి ఏడాదే ఒక బంతి తిన్నగా ఆంబ్రోస్ మీదికి వచ్చింది. చేతిలో చీజ్ పోసిన చిప్స్ పళ్లెం. పళ్లెం వదలాలా వద్దా అని ఆలోచించాడు. ఆలోచించేలోపు బంతి చీజ్‌లో పడి, ఎగిరి, వెనక వరుసవాడి చేతిలో వాలింది.

"పళ్లెం పారెయ్యకూడదుటయ్యా?" అన్నాను.

"నాలుగు డాలర్లు పెట్టి కొన్నావు. పారేస్తే బతకనిస్తావా?" అన్నాడు.

ఇంటికొచ్చి చెర్రీ కర్రతో చిన్న పీట చేశాడు, బంతి ఒరిగిపోకుండా కూర్చునే గుంటతో. వచ్చేవారం పట్టే బంతి కోసమట. దాన్ని టీవీ పక్కన పెట్టాడు. బంతి రాలేదు కాబట్టి అందులో నేను రిమోటు పెట్టుకునేదాన్ని.

తర్వాత మా వరుసలో ఎవరు బంతి పట్టినా పీట చేసిచ్చేవాడు. బంతిని రెండురోజులు ఇంటికి తెచ్చుకుని, వేళ్లతో తడిమి, దాని పొట్టకు సరిపడా గుంట తొలిచేవాడు. అడుగున చిన్న ఇత్తడి రేకు బిగించి జట్టు పేరు, తేదీ, పట్టినవారి పేరు చెక్కేవాడు.

"పేరు ముందుండాలి గదయ్యా, కనబడేలా" అంటే, "ముందు బంతి కనబడాలి. పేరు ఎక్కడికీ పోదు, అడుగునుంటుంది" అనేవాడు.

మా పక్క కుర్చీ ఒడెస్సా ప్రూయిట్‌ది. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, అరచేతులు జల్లెడంత. ఆమె ఇంట్లో ఏడు పీటలున్నాయి. ఒకసారి ఆంబ్రోస్ బాత్రూముకు వెళ్లిన సమయానికి బంతి సరిగ్గా అతని ఖాళీ కుర్చీలో పడింది. ఒడెస్సా తీసి, అతను రాగానే ఒళ్లో పెట్టింది.

"నీ సీట్లో పడింది ఆంబ్రోస్. నీదే."

"పట్టింది కుర్చీ. నేను కాదు" అని తిరిగిచ్చేశాడు.

"ఒసే ఇర్మా, ఈ మనిషితో ఎట్టా ఏగుతున్నావే" అంది ఒడెస్సా. ఆ బంతికి కూడా వారంలో పీట చేసిచ్చాడు.

ఫర్నేస్ నాలుగేళ్లు బతికింది. తర్వాత స్కార్పియన్స్ వచ్చారు. మా ఊళ్లో తేలును చూసినవాడు ఒక్కడు లేడు, పేరు మాత్రం తేళ్లు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. రెండేళ్లకు వాళ్లూ పోయారు. తర్వాత నైట్ ట్రెయిన్ వచ్చింది, ఒకటిన్నర సీజన్ ముచ్చట. ఒక శనివారం వెళ్తే హాలు తలుపుకు కాగితం అంటించి ఉంది. ఆంబ్రోస్ కళ్లజోడు తీసి తుడుచుకుని రెండుసార్లు చదివాడు. ఆరోజు ఇద్దరం కారులో కూర్చుని తెచ్చుకున్న శాండ్‌విచ్‌లు తిని ఇంటికి వచ్చేశాం. చివరికి హ్యామర్స్. తివాచీ మాత్రం మొదటినుంచీ ఒకటే. కొత్త జట్టు బొమ్మ కింద పాత జట్టు రంగు ఇంకా కనబడేది.

హ్యామర్స్ నాటికి ఆంబ్రోస్ ఊపిరితిత్తుల్లో కార్ఖానా ఇసుక తప్ప ఏమీ మిగల్లేదు. చక్రాల మీద ఆక్సిజన్ సిలిండర్, ముక్కులో గొట్టం. అయినా మానలేదు. హాల్లో ఆరువందల మంది కూడా ఉండేవాళ్లు కాదు. సాయంత్రాలు కుస్తీవాళ్లకు ఇచ్చేసి మాకు ఆదివారం మధ్యాహ్నాలు మిగిల్చారు. ఆటగాళ్లు వారమంతా టైర్లు బిగించి, సామాన్లు మోసి, ఆదివారం వచ్చి కుమ్ముకునేవాళ్లు. వాళ్లలో టెవిన్ బ్యాంక్‌స్టన్ అనే కుర్రవాడంటే నాకు ప్రాణం. నేను ఎంత తిట్టినా గోడ దగ్గరికొచ్చి, "ఇంకొంచెం గట్టిగా తిట్టు అమ్మమ్మా, వినబడ్డంలేదు" అనేవాడు.

రెండువేల పదమూడు జూన్‌లో సెమీఫైనల్. ఇది గెలిచి ఫైనల్‌కు వెళ్తే జట్టు ఇంకో ఏడాది ఉంటుందని యజమాని పేపర్లో చెప్పాడు. రెండో భాగం మొదలయ్యేసరికి మైకులో వింత మాట వినబడింది. "దయచేసి బంతులు వెనక్కి ఇవ్వండి. మా దగ్గర ఎక్కువ లేవు." పద్నాలుగేళ్లలో ఎన్నడూ వినని మాట. కొందరు ఇచ్చారు, కొందరు కోటు కింద దాచారు.

ఆట పదకొండు సెకన్లలో ముగుస్తుందనగా మేం మూడు పాయింట్లు వెనక ఉన్నాం. టెవిన్‌కు విసిరిన బంతి అవతలివాడి హెల్మెట్‌కు తగిలి పైకి లేచింది. లేచి, తిరుగుతూ, మా మీదికి వచ్చింది. ఒడెస్సా చేతులు చాచింది కూడా. మరి ఏం చూసిందో, చేతులు వెనక్కి తీసుకుంది.

ఆంబ్రోస్ పట్టాడు. ఒళ్లో పడటం కాదు. రెండు చేతులూ ఎత్తి, గొట్టం ముక్కులోంచి జారిపోతున్నా చూడక, గుండెకు హత్తుకుని పట్టాడు. బొటనవేలితో కుట్టు మీద మెల్లగా రాశాడు. నా వైపు తిరిగాడు. నలభై ఒక్క ఏళ్ల కాపురంలో ఆ మొహం నేను ఎప్పుడూ చూడలేదు.

టెవిన్ గోడ మీదికి వంగాడు. "తాతా, అదే ఆఖరిది."

రిఫరీ వచ్చాడు. "బంతి లేకపోతే ఆట ఇంతటితో ఆపేస్తాను" అన్నాడు. ఆపేస్తే ఓడినట్టే. మైకులో బతిమాలుతున్నారు. ఆరువందల మందీ మావైపే చూస్తున్నారు.

ఆంబ్రోస్ బంతిని ఇంకొంచెం దగ్గరికి తీసుకున్నాడు.

"ఇచ్చెయ్యవయ్యా" అన్నాను. "ఆట అయ్యాక నేనే తెచ్చిస్తా. నా మాట నమ్ము."

"తెస్తావా?"

"తెస్తానన్నాగా."

అతను ఇవ్వలేదు. నేనే లాక్కున్నాను. ఆ వేళ్లలో బలం లేదు కాబట్టి తేలిగ్గానే వచ్చేసింది. గోడ మీంచి టెవిన్‌కు విసిరాను. జనం నాకు చప్పట్లు కొట్టారు. నేను చెయ్యి ఊపాను కూడా.

మరుసటి విసురులోనే టెవిన్ బంతి పట్టుకుని గీత దాటాడు, ఆరు పాయింట్లు. గెలిచాం. గోడ తలుపు తెరిచారు, జనమంతా తివాచీ మీదికి దిగారు. నేనూ దిగాను. ఒడెస్సాతో గంతులేశాను. ఎవరో నన్ను ఎత్తి తిప్పారు. ఎవరో బీరు నెత్తిన పోశారు. అరగంటో ముప్పావుగంటో, నాకు ఒళ్లు తెలియలేదు.

తిరిగి వచ్చేసరికి వరుసలన్నీ ఖాళీ. ఏడో నంబరు కుర్చీలో ఆంబ్రోస్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. సిలిండర్ ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ ఒళ్లో, బంతి పట్టేలా కొంచెం ఎడంగా పెట్టుకుని ఉన్నాడు.

"తెచ్చావా?" అన్నాడు.

పరిగెత్తాను. తివాచీ చుట్టేస్తున్నారు. టెవిన్‌ను పట్టుకుని అడిగితే నెత్తి బాదుకున్నాడు. "గెలిచిన ఊపులో జనంలోకి విసిరేశాను అమ్మమ్మా. ఎవరు పట్టారో చూడలేదు. అది తాతదని గుర్తు లేదు, సారీ." అతణ్ణి ఏమనగలను? నాకే గుర్తు లేదు.

కారులో ఆంబ్రోస్ ఒక్కటే మాట అన్నాడు. "విసురు బాగుంది. తిన్నగా వెళ్లింది."

తిట్టి ఉంటే బాగుండేది.

తొమ్మిది రోజులకు హ్యామర్స్ కూడా పోయింది. ఫైనల్ ఆడకముందే జట్టును మూసేశారు. పేపర్లో నాలుగు లైన్లు వేశారు, చివరి పేజీకి ముందు పేజీలో. దేనికోసం ఆ బంతి లాక్కున్నానో అది కూడా దక్కలేదు.

కిరాణా కొట్లో, చర్చిలో, లాండ్రీలో కాగితాలు అంటించాను, ఆ రోజు బంతి పట్టినవారు దయచేసి ఫోన్ చెయ్యమని. ఒక్క ఫోను రాలేదు. ఆంబ్రోస్ రోజూ మధ్యాహ్నం పీటలోంచి నా రిమోటు తీసి పక్కన పెట్టి, గుంటలో దుమ్ము తుడిచేవాడు. ఆగస్టు వచ్చేసరికి ఆ తుడవటానికి కూడా మధ్యలో రెండుసార్లు కూర్చోవలసి వచ్చేది.

నేను ఒడెస్సా ఇంటికి వెళ్లాను. ఆమె ఏడు బంతుల్లో హ్యామర్స్‌ది ఒకటే.

"అది నాకివ్వు. ఎవరో తెచ్చిచ్చారని చెప్తాను."

"తెలిసిపోదుటే?"

"బంతులన్నీ ఒకటేగా. ఎలా తెలుస్తుంది?"

ఒడెస్సా నా మొహంలోకి చూసి, బంతిని పాత తువ్వాలులో చుట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చి ఆంబ్రోస్ చేతుల్లో పెట్టాను. వంతెన అవతల ఉండే ఒకాయన తెచ్చాడని, పేరు చెప్పలేదని అన్నాను. అబద్ధం ఆడేటప్పుడు నేను గబగబా మాట్లాడతాను. ఆంబ్రోస్ బంతిని తిప్పాడు. బొటనవేలితో కుట్టు మీద రాశాడు, ఒక మూల దగ్గర ఆగాడు. చాలాసేపు ఆగాడు.

"మంచాయన" అన్నాడు. "ఇంతదూరం తెచ్చాడు."

నాలుగు రోజులు పట్టింది అతనికి పీట గుంట సరిచెయ్యడానికి. ఒక్కో గీతకు ఒకసారి ఊపిరి తీసుకున్నాడు. రేకు కూడా తనే చెక్కాడు, నన్ను షెడ్డులోకి రానివ్వలేదు. బంతి టీవీ పక్కన కూర్చుంది. నేను గట్టెక్కాననుకున్నాను. అక్టోబరులో ఆంబ్రోస్ పోయాడు, ఆస్పత్రిలో, నా చెయ్యి పట్టుకుని. ఒక్కటన్నా ఇచ్చాను గదా అని ఆ నలభై రోజులూ నాకు నేను చెప్పుకున్నాను.

నవంబరులో బంతి తిరిగిచ్చెయ్యాలనిపించింది. ఎంతైనా ఒడెస్సాది. బంతిని పక్కన పెట్టి, పీటను కూడా ఒకసారి తుడుద్దామని తిరగేశాను.

ఇత్తడి రేకు మీద అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. కళ్లజోడు పెట్టుకుని చదివాను.

"హ్యామర్స్. 2012 మే 6. పట్టినది ఒడెస్సా ప్రూయిట్. తెచ్చినది ఇర్మా."

ఆ బంతిని రెండురోజులు ఇంటికి తెచ్చుకుని, పొట్ట తడిమి, పీట చేసింది అతనే. నేనెలా మరిచాను? చేతిలో పెట్టిన క్షణానే తెలుసు అతనికి. తెలిసే మంచాయన అన్నాడు. తెలిసే నాలుగు రోజులు ఊపిరి కూడదీసుకున్నాడు.

ఒడెస్సాకు ఫోన్ చేశాను. వచ్చి చదివింది. బంతి తీసుకోనంది.

"నీ దగ్గరే ఉండనియ్యవే. నాకు ఆరున్నాయి గదా."

"ఇది అతను పట్టింది కాదుగా, ఒడెస్సా" అన్నాను. "అతను పట్టినదాన్ని నేను లాక్కున్నాను."

ఆమె నా పక్కన కూర్చుంది. కుర్చీ లాక్కుని మరీ దగ్గరగా కూర్చుంది, హాల్లో కూర్చున్నట్టు. చాలాసేపటికి బంతిని తువ్వాలులో చుట్టుకుని వెళ్లిపోయింది, నేను వెళ్లమంటే. పీట టీవీ పక్కనే ఉంది. ఇప్పుడు అందులో రిమోటు పెట్టను. రోజూ మధ్యాహ్నం గుంటలో దుమ్ము తుడుస్తాను.