రామాయి కోసం చేసిన కూలర్

పీలమేడు మిల్లులో ఇరవై రెండేళ్లు గాలికి తడి పట్టించే పని చేశాను. నవ్వకండి, అదీ ఉద్యోగమే. గాలి ఎండితే నూలు పుటుక్కున తెగుతుంది. అందుకని హాలు కిటికీలన్నీ బిగించి, పెద్ద ఫ్యాన్లతో తడిగాలి లోపలికి తోలేవాళ్లం. ఎవడైనా కిటికీ తెరిచాడా, మేస్త్రి అయినా సరే, నా నోటికి బలయ్యేవాడు. ఆ పొగరే నా కొంప ముంచింది.

నా పెళ్లాం రామాయి అదే మిల్లులో దూది విడదీసే గది ఊడ్చేది. పద్దెనిమిదేళ్లు ఆ దుమ్ము పీల్చి ఛాతీ పాడుచేసుకుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆ ఏడు వేసవి ఇంకా రాకముందే, మాసి నెలకే ఎండలు మండిపోయాయి. మాది రేకుల ఇల్లు. ఈ వేసవి ఆమెకు వేడి తగలకుండా చూసుకోమని ఆస్పత్రిలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

సింగానల్లూరు పాత ఇనుప కొట్లో ఒక ఫ్యాను దొరికింది. మోటారు విప్పి తుడిచి నూనె వేశాను. చెక్క చట్రానికి వట్టివేరు తడక కట్టి, పైన చిల్లుల గొట్టంలో నీళ్లు పారించాను. వేలు రెండుచోట్ల తెగింది. ఫ్యాను వేయగానే ఇల్లంతా వట్టివేరు వాసన. మా లైను ఇళ్లవాళ్లంతా వచ్చి చూసి పోయారు. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

చల్లగాలి పోకూడదని, మిల్లులో చేసినట్టే ఉన్న ఒక్క కిటికీకీ మేకులు కొట్టేశాను. తలుపు కింద సందులో గోనెపట్టా కుక్కాను. మిల్లులో తడిగాలికి దుమ్ము అణుగుతుంది కదా, ఆమె ఛాతీలోదీ అణుగుతుందని నమ్మాను.

మొదటి రోజే ఊపిరి అందక, కిటికీ వైపు చూపిస్తూ అంది. "మామా, చల్లగానే ఉండాది. మూచ్చు మాత్రం ఆడలా. ఆ జన్నలు కొంచెం తియ్యి."

"నీకేం తెలుసే? దినమూ నేను చేసే పనే ఇది. పండుకో."

నాలుగు రోజుల తర్వాత మూడున్నరకి షిఫ్టు దిగి వచ్చేసరికి, లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది. రామాయి బయట మండుటెండలో గోడకి ఆనుకుని కూర్చుంది. నోరు తెరిచి గాలి పీలుస్తోంది. పక్కింటి గోవిందమ్మాళ్ విసనకర్రతో విసురుతోంది. నాకు ఒళ్లు మండింది.

"చేతులు కోసుకోని చేస్తే ఎండలో కూచుంటావా? నలుగురూ నన్ను చూసి నవ్వల్లనా?"

రామాయి గోడ పట్టుకుని లేచింది. "కోపం వేండా మామా. ఊరికే కూచుంటి." లోపలికి వెళ్లింది. తలుపు నేనే వేశాను.

మళ్లీ బయటికి రాలేదు. ఎట్లా ఉందని అడిగితే సుఖంగా ఉండాది అనేది. అది మెప్పు అనుకున్నాను.

ఎండలు ముదిరిన చిత్తిరై నెలలో ఆమెను ఆస్పత్రికి మోసుకుపోయాం. మూడో రోజు పోయింది. గది ఎట్లా ఉంచానో డాక్టరమ్మ అడిగితే, అన్నీ వివరంగా చెప్పాను. అంతా విని ఆమె అంది.

"కూలరు పెడితే కిటికీ తెరిచి ఉంచాలప్పా. అంత చెమ్మలో, మూసిన గదిలో, ఆ ఛాతీతో ఆమె ఊపిరెట్లా తీస్తుంది?"

తెలియక చేశావని అందరూ ఓదార్చారు. తెలియకేం? ఆమె నోటితో చెప్పింది. ఎండలోకి వచ్చి కూర్చుని చూపించింది. నా పరువు పోతుందని లోపలికి పంపాను.