కేసుల్లేని కాలనీ

నాగవల్లి చేపల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో పని చేస్తుంది. చాలా ఏళ్లు కైకలూరులో చేసి, ఆ వేసవిలో ఏలూరు బ్రాంచికి మారింది. భర్తతో విడిపోయాక ఒంటరిగానే ఉంటోంది. అందుకని ఇల్లు అద్దెకు తీసుకునే ముందు దుర్గాసాయికి ఫోన్ చేసింది. అతను పిన్ని కొడుకు, ఏలూరులోనే కానిస్టేబులు.

అప్పటికి రెండిళ్లు ఆమె దృష్టిలో ఉన్నాయి. ఒకటి ఊరి చివర కొత్త కాలనీలో, శ్రీరంగనాయకులు గారనే బియ్యం వ్యాపారి మేడ మీద వాటా. రెండోది కాలవ పక్కన దర్జీల సందులో, చాంద్ బీ అనే పెద్దావిడ ఇంట్లో రెండు గదులు.

"ఇందులో ఆలోచించేదేముంది అక్కా," అన్నాడు దుర్గాసాయి. "మా స్టేషన్ మొత్తం మీద దొంగతనం కేసులు ఎక్కువ వచ్చేది ఆ సందు నుంచే. కాలనీ నుంచి ఏడాదిగా ఒక్కటీ లేదు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా. హాయిగా అక్కడ దిగు."

ఫోన్ పెట్టేసినా ఆ మాట నాగవల్లిని వదల్లేదు. ఆమె పనిలో ఇలాంటి మాట తరచూ వినేదే. మా చెరువులో ఏ జబ్బూ లేదండీ అని ధీమాగా చెప్పే రైతుల్లో చాలామంది అసలు నీళ్ల సీసా ల్యాబ్‌కి పంపనివాళ్లే. కాలనీ సంగతి తర్వాత, అన్ని దొంగతనాలు జరిగే సందులో జనం ఎలా కాపురం చేస్తున్నారో ముందు చూడాలనిపించింది. ఆదివారం పొద్దున్నే స్కూటీ తీసుకుని బయల్దేరింది.

సందులో తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. అరుగుల మీద కుట్టుమిషన్లు వేసుకుని ఆడా మగా పని చేసుకుంటున్నారు. చాంద్ బీ ఇల్లు చేరేలోపు అడుగడుక్కీ ఎవరో ఒకరు తలెత్తి, "ఎవరింటికండీ?" అని అడిగారు.

చాంద్ బీ జాకెట్టుకి హుక్కులు కుడుతూ కూర్చుంది. గదులు చూపించాక నాగవల్లి దాచుకోకుండా అడిగేసింది.

"మీ సందులో దొంగతనాలు ఎక్కువని విన్నానండీ."

చాంద్ బీకి కోపం రాలేదు. "కేసులు ఎక్కువండి. కోడి పోయినా పెడతాం, బకెట్ పోయినా పెడతాం."

"బకెట్‌కి కూడానా అండీ?"

"ఎందుకంటే నాకోసారి బుద్ధొచ్చిందమ్మా," అంటూ సూది పక్కన పెట్టింది. "ఒకప్పుడు నా మిషను పోయింది. ఆడవాళ్లం స్టేషన్‌కి వెళ్లడమేంటని ఊరుకున్నాను. కొన్నాళ్లకి రైల్వే స్టేషన్ దగ్గర ఒకతను బట్టలు కుడుతున్నాడు. చూస్తే నా మిషనే. పోలీసులు దొంగ దగ్గర పట్టుకున్నారంట, నాదని అడిగేవాళ్లు లేక వేలం వేశారంట. ఇతను డబ్బులిచ్చి కొనుక్కున్నాడు. అతని తప్పేముంది చెప్పండి? కాసేపు నిలబడి చూసి వచ్చేశాను. అప్పట్నుంచి ఈ సందులో ఎవరికేం పోయినా నేనే స్టేషన్‌కి లాక్కెళ్తాను."

సాయంత్రం నాగవల్లి కాలనీకి వెళ్లింది. వీధి నిశ్శబ్దంగా ఉంది. గేట్లన్నీ వేసి ఉన్నాయి. ఎవరూ ఎవరింటికని అడగలేదు. మేడ మీద వాటా చూస్తుండగా ఒకటి కళ్లబడింది. తలుపులన్నీ టేకువి, వెనక మెట్ల వైపు తలుపొక్కటే కొత్త ఇనప తలుపు.

"ఇదొక్కటీ మార్చారేమండీ?"

"చెద పట్టిందండీ," అన్నాడు శ్రీరంగనాయకులు, మాట తుంచేస్తూ.

ఆయన భార్య లలితకుమారి నాగవల్లితో పాటు మెట్లు దిగింది. గేటు దాకా సాగనంపడానికి వచ్చి, అక్కడ గొంతు తగ్గించి చెప్పింది.

"చెద కాదమ్మా. మాఘమాసంలో మేం అన్నవరం వెళ్లినప్పుడు పగలగొట్టారు. మా పుట్టింటి ఇత్తడి సామానంతా మేడ మీదే పెట్టుకున్నాను. మొత్తం పట్టుకుపోయారు. పక్క వీధిలోనూ రెండిళ్లలో పడ్డారు."

"కంప్లయింటు ఇవ్వలేదా అండీ?"

"కాలనీకి చెడ్డపేరొస్తుంది, స్థలాలు అమ్ముడుపోవని అందరూ అనుకున్నారట. మా వారూ వద్దన్నారు. ఒంటరిగా ఉండేదానివి, నీకు చెప్పకపోతే పాపం కదా."

నాగవల్లి దర్జీల సందులోనే దిగింది. దొంగలు ఇక్కడికి రారని కాదు. వచ్చినప్పుడు ఆ సంగతి నలుగురికీ తెలుస్తుంది, అది చాలనుకుంది. దుర్గాసాయి నెత్తి కొట్టుకున్నాడు.

అతను భయపడ్డట్టే వానాకాలంలో ఓ పొద్దున కుళాయి తిప్పితే నీళ్లు రాలేదు. పెరట్లోకి వెళ్లి చూస్తే ఆమె కొత్తగా బిగించుకున్న మోటారు లేదు, కోసిన పైపు మిగిలింది. గోడకి అవతల ఎవడో తిరిగితే తనకి మెలకువే రాలేదు. తప్పు చేశానా అనుకుంటూ అక్కడే నిలబడిపోయింది. ఈలోగా చాంద్ బీ చెప్పులేసుకుని వచ్చేసింది.

"పదండి, స్టేషన్‌కి వెళ్దాం."

దారిలో ఇంకో ముగ్గురు ఆడవాళ్లు తోడయ్యారు.

"చెప్పానా లేదా?" అన్నాడు దుర్గాసాయి, అక్కని చూడగానే.

"చెప్పావురా. ముందు కంప్లయింటు తీసుకో."

దీపావళి దాటాక అతనే ఫోన్ చేశాడు. తాడేపల్లిగూడెంలో ఒక పాత సామాన్ల గోడౌను మీద పోలీసులు దాడి చేశారట, ఏలూరు సరుకు చాలా దొరికిందట. నాగవల్లి వెళ్లేసరికి స్టేషన్ వరండాలో మోటార్లు, సైకిళ్లు వరసగా పెట్టి ఉన్నాయి. తన మోటారు పోల్చుకుని సంతకం పెట్టింది. వచ్చేస్తూ మూలనున్న ఇత్తడి బిందెల దగ్గర ఆగింది.

"ఇవెవరివిరా?"

"తెలీదక్కా. ఇత్తడి పోయిందని మా దగ్గరెవరూ చెప్పలేదు. ఎవరూ రాకపోతే వేలానికి పోతాయి."

వంగి చూస్తే ఒక బిందె మెడ మీద చుక్కలతో చెక్కిన అక్షరాలు కనిపించాయి. వాటిని చదివి, వరండా చివరికి వెళ్లి లలితకుమారికి ఫోన్ చేసింది.

"స్టేషన్‌లో ఇత్తడి బిందెలున్నాయండీ. ఒకదాని మీద పేరుంది."

"పాపాయమ్మ అనేనా?"

"అవునండీ."

"మా అమ్మ పేరమ్మా అది. ఇప్పుడే వస్తున్నాను."

భార్యాభర్తలిద్దరూ కారులో వచ్చారు. ఆయన గేటు బయటే నిలబడ్డాడు. లలితకుమారి ఒక్కతే లోపలికొచ్చి, బిందె ముందు కూర్చుని పైట కొంగుతో మెడ మీద దుమ్ము తుడిచింది.

"ముందు కంప్లయింటు ఇవ్వాలండీ. ఆ తర్వాత కోర్టు ద్వారా ఇస్తారు," అన్నాడు దుర్గాసాయి.

ఆమె తల తిప్పి గేటు వైపు చూసింది. పిలవలేదు. కాసేపటికి శ్రీరంగనాయకులే నెమ్మదిగా లోపలికొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"ఆ పక్క వీధి వాళ్లనీ రమ్మంటాను," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

"అలాగే సార్. ముందు మీ ఇంట్లో ఏమేం పోయాయో చెప్పండి."

ఆయనకి బిందెల మాట తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. లలితకుమారి లేచి వచ్చి, గంగాళం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే చెప్పసాగింది. దుర్గాసాయి రాసుకుంటుంటే, నాగవల్లి స్కూటీ తీసి ల్యాబ్‌కి బయల్దేరింది.