నిద్రలేని గింజ

శశికళది పాండూరు. తిరుత్తణి రోడ్డు మీదున్న ఒక విత్తనాల కంపెనీ పరిశోధన పొలంలో పదకొండేళ్లుగా పని చేస్తోంది. చదివింది ఎనిమిదో తరగతే అయినా, ఒక వరిని ఇంకో వరితో కలిపే పనిలో ఆమెను మించినవాళ్లు అక్కడ లేరు. పువ్వు కొస కత్తిరించి, లోపలి ఆరు కేసరాలూ ఒక్కటి మిగలకుండా చిమటాతో తీసేసి, కాగితం సంచి తొడిగేది. మర్నాడు దానిమీద వేరే రకం పుప్పొడి దులిపేది.

అట్లా పుట్టిన ఒక రకం మీద శాస్త్రవేత్త పార్థిబన్ చాలా ఆశ పెట్టుకున్నాడు. పూత వేళ ఎండ మండిపోతే మామూలు వరి గింజ కట్టదు, వెన్నంతా తాలే. ఈ రకానికి మాత్రం ఒక పాత నాటు వరి నుంచి ఎండను ఓర్చే గుణం వచ్చింది. దాన్ని రైతు పొలంలో వేసి చూడాలన్నప్పుడు శశికళ తన మేనమామ ఎల్లప్పను అడిగింది. మూడేళ్లుగా ఆయన వేసవి పంట తాలు పోతూనే ఉంది.

"నువ్వు చేసినదేనా?" అన్నాడాయన.

"నా చేతుల్తోనే, మామా."

"అట్లయితే ఎకరా మొత్తం వేస్తా."

జూన్‌లో ఎండలు నిప్పులు చెరిగాయి. చుట్టుపక్కల పొలాల్లో వెన్నులు తాలుపోయి నిటారుగా నిలబడితే, ఎల్లప్ప పొలంలో మాత్రం బరువుకు వంగాయి. ఆయన దారిన పోయేవాళ్లను పిలిచి, "మా శశి చేసిన వడ్లు" అని చూపించాడు. శశికళ బతుకులో ఆమె పేరు ఎవరైనా అట్లా గర్వంగా చెప్పడం అదే మొదలు.

కోతకు వారం ఉందనగా వాన పట్టుకుంది. నాలుగు రోజులు విడవలేదు. అయిదో రోజు పొద్దున ఎల్లప్ప కబురు పంపితే ఆమె పరుగున పోయింది. పంట నేలకొరిగి ఉంది. ప్రతి గింజకూ తెల్లటి మొలక! కోయకముందే, వెన్ను మీదే, ఎకరాకెకరా మొలకెత్తింది.

"ఏందిమ్మా ఇది? నా వయసులో ఇట్లాంటిది చూడలేదే," అన్నాడు ఎల్లప్ప.

మధ్యాహ్నానికి పార్థిబన్ వచ్చాడు. గట్టు మీద కూర్చుని, మొలకెత్తిన వెన్ను ఒకటి తుంచి చూశాడు.

"గింజకి నిద్ర ఉండాల, శశికళక్కా. పండినాక కొన్నాళ్లు తడిసినా మొలవకుండా పండుకుంటాది. ఆ నాటు వరికి ఆ గుణం ఉండినాది. మనమే పోగొట్టినాము."

ఎట్లా పోయిందో ఆయన చెప్పకముందే ఆమెకు అర్థమైంది. ఏడాదికి మూడు తరాలు పండించాలని తొందర. అందుకని కోసిన వెంటనే గింజల్ని ట్రేలలో నానబెట్టి, మూడో రోజుకే మొలిచినవాటిని ఉంచి, మొలవనివాటిని పారేయమన్నారు. పారేసింది తనే. నిద్రపోయే గింజలన్నీ ఏళ్ల తరబడి తన గుప్పిట్లోంచే చెత్తలోకి పోయాయి.

"మళ్లీ ఆ గుణం ఎక్కించొచ్చు," అన్నాడు పార్థిబన్. "ఆరేండ్లు పడతాది."

ఎల్లప్ప ఆయన్ని గానీ, మేనకోడల్ని గానీ ఒక్క మాట అనలేదు. "నాకు అరవై తొమ్మిది, సార్," అని మాత్రం అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేదని శశికళ అనుకుంది. ఆ సాయంత్రం ఇద్దరూ మొలకల కంకుల్ని కోసి ఆవులకు వేశారు. "నేనే పారేసినాను మామా" అని చెప్పాలని ఆమెకు రెండుమూడు సార్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయింది.

ఎల్లప్ప తర్వాతి పంట వేయలేదు. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో ఇటుక బట్టీవాళ్లకు పొలంలోని సారమున్న పైమట్టి ఇచ్చేశాడు. మూడడుగుల లోతున తవ్వి, లారీలకెత్తుకుని పోయారు. ఆరేళ్లకు కొత్త రకం వచ్చినా ఆ ఎకరాలో మాత్రం ఇక వరి నిలవదు. ఆ సంగతి ఊళ్లో అందరికంటే శశికళకే బాగా తెలుసు.