గాదె నిండిన వేళ రేచీకటి

గరిటె తెమ్మని పంపితే తదాల గడప దాటి రెండడుగులు వేసి, చేతులు చాపి గాలిని తడిమింది. గరిటె ఆ పిల్ల కాళ్ల దగ్గరే ఉంది. ఇంకో అడుగు వేస్తే దించిపెట్టిన మరుగునీళ్ల కుండలో కాలు పెట్టేదే. ఫలేసి పరుగున వెళ్లి కూతుర్ని వెనక్కి లాగింది.

"దీపం ఎందుకు ఆర్పేశావమ్మా?" అంది నాలుగేళ్ల తదాల.

దీపం ఇంకా వెలిగించనే లేదు. డెడ్జా కొండల మీద ఆకాశం ఎర్రగానే ఉంది. కోళ్లు ఇప్పుడిప్పుడే బుట్ట చేరుతున్నాయి.

చాప మీద కూర్చున్న ఆమె అన్న బిజెకి అంతా చూశాడు. ఫలేసి మొగుడు పొగాకు తోటల్లో పనికి పోయాడు. ఉన్నా, వాళ్ల తెగలో పిల్లల విషయంలో మేనమామ మాటే మాట.

"గాదె నిండా మొక్కజొన్న. పిల్ల బుగ్గలు చూడు, బూరెల్లా ఉన్నాయి. ఇది తిండి లేక వచ్చింది కాదు, ఎవరి కన్నో పడింది. రేపు కొండవతల మంత్రగాడి దగ్గరికి తీసుకుపోతా. రెప్పల మీద గాట్లు పెట్టి పసరు పిండుతాడు."

"కళ్లల్లోనా అన్నయ్యా?"

"మరి మోకాళ్లల్లోనా?"

ఆ పసరు పోయించుకున్న పక్కూరి కుర్రాడు ఇప్పుడు చూపు పోయి కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఫలేసి పిల్లని ఒళ్లోకి లాక్కుంది.

పడుకున్నా కన్ను మూతపడలేదు. పోయిన వానల్లో గాదె అడుగు కనబడింది. రోజుకి ఒక్క పూటే తిన్నారు. అయినా ఇదే పిల్ల, ఇదే మసకలో, ఉసిళ్ల వెంటపడి గుప్పెట్లో పట్టింది. అప్పుడేం తిన్నది? గుమ్మడాకు. టెంక తెల్లబడేదాకా చీకిన మామిడిపళ్లు. పంట ఇంటికొచ్చాక ఆకు ముఖం చూస్తే ఒట్టు. తెల్లటి పిండి ముద్ద, చిక్కుడు గింజలు, అంతే. అటక మీద ఎండబెట్టిన ఆకు కుండెడు ఉంది గానీ, గాదె నిండుగా ఉండగా దాన్ని దించితే కరువు తిండని ఊళ్లో నవ్వుతారు. ఆ నవ్వుకి భయపడి నా చేత్తోనే బిడ్డ కళ్లు తీసేస్తున్నానా అనుకుంది.

తెల్లారీ తెల్లారకముందే పిల్లని వీపున కట్టుకుని ఆరోగ్య కేంద్రానికి నడిచింది.

నర్సు టార్చి వేసి రెండు కళ్లూ చూసింది.

"మా గాదె నిండుగా ఉందమ్మా," అంది, ఎవరో నింద వేసినట్టు.

"తెల్ల గింజతో కడుపు నిండుతుందక్కా, కంటికి చాలదు. ఆకూ పండూ దొరకని ఈ ఎండల్లోనే వస్తారు ఇలాంటి బొద్దుపిల్లలు. తెల్లగుడ్డు ఎండిపోతోంది. నల్లగుడ్డు దాకా వచ్చుంటే నా చేతిలో ఏమీ లేదు." మందు గోళీ కొన కత్తిరించి అందులోని నూనె చుక్కలు పిల్ల నోట్లో పిండింది. "రేపు మళ్లీ తీసుకురా. రెండు మూడు సాయంత్రాలు చూడు. కళ్లల్లో మాత్రం ఏదీ పోయనివ్వకు."

ఇంటికొచ్చేసరికి వాకిట్లో బిజెకి నిలబడి ఉన్నాడు. "పరాయి పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని విన్నాను. సొంత పిల్లని ఎత్తుకుపోయినదాన్ని నిన్నే చూశా."

"మూడు సాయంత్రాలు ఆగు అన్నయ్యా. చూపు రాకపోతే నువ్వే తీసుకుపో."

మర్నాడు మళ్లీ చుక్కలు వేయించుకొచ్చింది. అయినా రెండు సాయంత్రాలూ తదాల గోడ పట్టుకునే నడిచింది.

మూడోనాడు ఫలేసి అటక మీది ఆకు దించి, వేరుశనగ పొడి వేసి వండింది.

"నిండు గాదె పక్కన కరువు కూరా? ఊరంతా నవ్వుతుంది," అన్నాడు బిజెకి.

"నవ్వనీ."

పొద్దు వాలింది. ఫలేసి కుండలోంచి తల ఎత్తలేదు. ఎత్తితే ఏం చూడాల్సొస్తుందో అని.

"మావయ్యా, నీ చొక్కాకి మధ్య గుండీ లేదు," అంది తదాల.

బిజెకి కిందికి చూసుకున్నాడు. ఖాళీ కాజాని వేలితో తడుముకున్నాడు. పళ్లెం ముందుకు జరిపి, "నాకూ వెయ్యి ఆ కూర," అన్నాడు.

ఫలేసి కూతురి కళ్లల్లోకే చూస్తూ వడ్డిస్తుంటే సగం నేలపాలైంది. ఆ ఒలికినదాన్ని కూడా వేళ్లతో ఎత్తి పక్కన పెట్టుకుంది. కొత్త ఆకు మొలిపించే వానలు ఇంకా దూరంగానే ఉన్నాయి. అప్పటిదాకా ఈ ఆకు సరిపోతుందో లేదో.