టీవీకి దెబ్బ తగలని చోటు

"నువ్వు పక్కకు జరగబట్టే గదమ్మే టీవీ పగిలిండేది," అన్నాడు మహానంది, బండి కిక్కు కొడుతూ.

శివజ్యోతి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. పది రోజులుగా ఆ మాట ఆ ఇంట్లో పూటపూటా వడ్డనకొస్తూనే ఉంది. ఆ రోజు పప్పులో ఉప్పు ఎక్కువైంది. మహానంది కంచం పక్కనున్న చెంబు ఎత్తి విసిరాడు. ఆమె తల వంచి పక్కకు తప్పుకుంది. చెంబు వెళ్ళి వెనకున్న టీవీ అద్దానికి తగిలింది. ఆ తర్వాత అందరూ టీవీ కోసమే బాధపడ్డారు. సీరియల్లో ఆ కోడలి గతి ఏమైందోనని అత్త మహాదేవమ్మకు రెండు రోజులు అన్నం సయించలేదు. "మొగోడు కోపంలో ఏందో ఒకటి ఇసుర్తాడు. యాడ నిలబడుకోవల్లనో ఆడదానికి తెలియాల గదా," అంది. వీధిలో వాళ్ళకు మాత్రం కరెంటు ఎక్కువొచ్చి పోయిందని చెప్పారు. శివజ్యోతీ అదే చెప్పింది. తాను పాఠాలు చెప్పే ప్రైవేటు బడిలో సాటి టీచరు అడిగితే, ఏ టైముకు ఎక్కువొచ్చిందో కూడా చెప్పింది.

బండి నందికొట్కూరు దాటి కర్నూలు దారి పట్టింది. మధ్యలో ఎనిమిదేళ్ళ కూతురు శ్రావణి, వెనక శివజ్యోతి. టీవీ నెలనెలా కట్టే కంతుల మీద తీసుకోవాలి. కంతులు ఆమె జీతంలోంచే కాబట్టి ఆధార్ కార్డు ఆమెదే తెచ్చారు. "నువ్వే ఏరుకో. నీ ఇష్టం," అని పొద్దున మహానంది అన్నాడు. తొమ్మిదేళ్ళ కాపురంలో 'నీ ఇష్టం' అంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. మిక్సీ నీ ఇష్టమన్నాడు. అది మోత చేసినప్పుడల్లా "ఏరుకొచ్చినావు గదా, మహారాణి" అన్నాడు. పిల్ల బడి నీ ఇష్టమన్నాడు. పిల్లకు లెక్కల్లో మార్కులు తగ్గిన రోజు శివజ్యోతి చెంప వాచింది. నీ ఇష్టమంటే, రేపు జరగబోయే నేరాన్ని ఈరోజే ఆమె చేత ఒప్పించుకోవడం.

అంగడి కర్నూలు బస్టాండుకు ఎదురుగానే ఉంది. యజమాని రబ్బానీ గడ్డం నెరిసిన మనిషి, నిదానంగా మాట్లాడతాడు. గోడ నిండా టీవీలు. అన్నిట్లోనూ ఒకే జలపాతం దుముకుతోంది.

"ఇది ముప్పై రెండు అంగుళాలు మా. పేరున్న కంపెనీ గాదు, అందుకే తక్కువలో వస్తాది. బొమ్మ బాగుంటాది. ఫోన్లో వచ్చేటివన్నీ దీంట్లో వస్తాయి. శబ్దమే రవ్వంత తక్కువ. పక్కనుంచి సూస్తే రంగు తెల్లబోతాది."

"ఆ పక్కది ఎట్లుంటాదన్నా?" అడిగింది శివజ్యోతి.

"అది పేరున్నది. అన్నీ బాగుంటాయి. కంతే ఎక్కువ పడతాది."

మహానంది ఫోను చూసుకుంటూ, "బాగా సూసుకోమ్మే. మళ్ళ నన్ను అనొద్దు," అన్నాడు.

ఆమె చూస్తూనే ఉంది. శబ్దం తక్కువైతే అత్తకు వినపడదు. వినపడకపోతే వంటింట్లో కుక్కరు కూయడం కూడా తన తప్పే అవుతుంది. పక్కనుంచి రంగు తెల్లబోతే? మహానంది చూసేది మంచం మీద పక్కకు ఒత్తిగిలి. ఏ క్రికెట్ మ్యాచి రోజో ఆటగాళ్ళు పాలిపోయి కనపడతారు, అతను మెల్లగా తన వైపు తల తిప్పుతాడు. పేరున్నది తీసుకుంటే ప్రతి నెలా కంతు రోజు ఇంట్లో ఊపిరి బిగబట్టుకోవాలి. చవకది ఆర్నెల్లకే చెడిపోతే ఆ రోజు ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అంగట్లో అందరూ టీవీల్లో బొమ్మ చూస్తుంటే, ఆమె ఒక్కో టీవీలో ఒక్కో సాయంత్రం మొగుడి మొహం చూసుకుంటోంది.

"అన్నా, అద్దం గట్టిదేనా?" అని అడిగింది, గొంతు తగ్గించి.

"ఇప్పుడొచ్చేటివన్నీ సన్నమే మా. పాత డబ్బా టీవీల మాదిరి గాదు. చిన్న దెబ్బ తగిలినా పోతాది. అద్దం పగిల్తే వారంటీ గూడా రాదు."

ఇంట్లో టీవీ ఉండేది వంటింటి వాకిలి పక్క గోడకు. అన్నం పట్టుకొని ఎటు తిరిగినా ఆమె దాని ముందే నిలబడాలి. ఈసారి ఏదన్నా విసిరితే తాను పక్కకు జరగకూడదు, అనుకుంది శివజ్యోతి.

పొయ్యి మీద పాలు పొంగకుండా చూసుకోవాలి అనుకున్నంత మామూలుగా వచ్చింది ఆ ఆలోచన. తల పగిలితే నాలుగు కుట్లు పడతాయి, వారానికి మానుతుంది. టీవీ పగిలితే మాత్రం ఏళ్ళు గడిచినా మానదు. ఇటు తన తల, అటు టీవీ పెట్టి తూచింది. టీవీ వైపే మొగ్గింది. అప్పుడు గానీ తాను ఏం తూచిందో ఆమెకు తెలియలేదు. మహానందికి భయపడటం ఆమెకు అలవాటే. తనను చూసి తానే జడుసుకోవడం మాత్రం అదే మొదలు.

అంతలో శ్రావణి తండ్రి చొక్కా పట్టుకొని లాగింది.

"నాయనా, టీవీ గోడకు పైన బిగిద్దాం నాయనా, ఫ్యాను అంత ఎత్తున. ఆడికి చెంబు పోదు. అప్పుడు అమ్మకు తగిల్నా టీవీకి తగలదు!"

కష్టమైన లెక్కకు జవాబు దొరికినట్టు పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి. వేలు తల్లి వైపే చూపించింది.

రబ్బానీ చేతిలో రిమోటు అట్లాగే ఆగిపోయింది. మహానంది నవ్వాడు. "యాడ నేర్చుకుంటాదో ఈ మాటలు," అంటూ పిల్ల భుజం మీద చెయ్యేసి నొక్కాడు. ఆ చేతి కింద శ్రావణి మెడ లోపలికి ముడుచుకుంది. శివజ్యోతికి ఆ ముడుచుకోవడం తెలుసు. తన మెడా సరిగ్గా అట్లాగే ముడుచుకుంటుంది.

"ఏం మా, టీవీ ప్యాక్ చేయమంటారా?" అన్నాడు రబ్బానీ, ఆమెనొక్కదాన్నే చూస్తూ.

బల్ల మీద కాగితాల పక్కన ఆమె ఆధార్ కార్డు ఉంది. చెయ్యి చాపి తీసుకుంది.

"వద్దన్నా. నా పేరు మీద టీవీ వద్దు."

"ఏమ్మే?" అన్నాడు మహానంది. మొహాన నవ్వు అట్లాగే ఉంది. దగ్గరికొచ్చి, చెవిలో అన్నాడు. "ఇంటికి పా. ఆడ సెప్తా."

ఆమె కార్డు గుప్పిట్లో బిగించింది. రబ్బానీ ఒక కుర్చీ లాగి సరిగ్గా మహానందికి అడ్డంగా వేశాడు. "కూచో అప్పా. ఇంకో రకం ఉండాది, సూడు. కూచో," అంటూ భుజం పట్టుకొని కూర్చోబెట్టాడు. శివజ్యోతి కూతురి చెయ్యి పట్టుకొని బయటికి నడిచింది. పరిగెత్తితే వెంటపడతాడని పరిగెత్తలేదు.

ఎదురుగా బస్టాండులో పత్తికొండ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కండక్టరు ఆధార్ చూసి, ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి దుడ్లు అడక్కుండానే టికెట్టిచ్చాడు. శివజ్యోతి వాళ్ళమ్మ సిద్దమ్మ పత్తికొండ టమాటా మార్కెట్లో కాయలు ఏరే పనికి పోతుంది. శివజ్యోతి ఫోను చేసింది.

"మా, నేనూ పాపా వస్తాండాం."

"అల్లుడు?"

"రాలేదు."

సిద్దమ్మ మాట్లాడలేదు. వెనక గంపలు దించుతున్న చప్పుడు. ఇంతకుముందు ఎన్నిసార్లు ఫోను చేసినా, ఈ మౌనం తర్వాత వచ్చేది 'సర్దుకో తల్లీ' అనే మాటే. శివజ్యోతి కళ్ళు మూసుకొని దానికోసం కాచుకుంది.

"పిల్ల తినిందా?" అంది సిద్దమ్మ.

"లేదు."

"సరే, మార్కెట్టు కాడికే రాండి. ఇంటికి బీగమేసి వచ్చినా."

బస్సు ఊరు దాటింది. ఫోను మోగసాగింది. మహానంది. మోగి ఆగింది. మళ్ళీ మోగింది. శివజ్యోతి కాళ్ళు వణుకుతుంటే శ్రావణి చూసి, ఆమె తొడ మీద తన చిన్న చెయ్యి ఆనించి పట్టుకుంది.

"మా, నాయన ఆడికి గూడా వస్తాడా?"

రాడని చెప్పబోయింది. పిల్ల చెయ్యి ఆ వణుకు మీదే ఉంది.

"వస్తాడు పాపా."

"మరి అప్పుడు?"

శివజ్యోతి ఫోను ఆపేసి సంచిలో వేసింది.

"నాకూ భయంగానే ఉండాది. కానీ ఆడ తలుపు గడియ లోపల, మన పక్క ఉంటాది."