బ్రేకులు ఎవరు వేశారు?

భర్త గ్రీజు చొక్కాకు ఆమె మూడోసారి సబ్బు రాసి రుద్దుతుండగా షెడ్డులోంచి డ్రాయింగు మాస్టారి గొంతు వినిపించింది. "ఏవయ్యా, నా కారు పరిగెత్తడం అయితే పరిగెడుతోంది. ఆగడం మాటేమిటి?"

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. నలభై ఏళ్లనాటి తెల్లకారు బంపరు సొట్టపోయి, మాస్టారింటి గేటు పచ్చరంగు పూసుకుని నిలబడి ఉంది.

ఆ కారులో పాత ఇంజను తీసేసి, రెండింతల బలమున్న కొత్త ఇంజను పెట్టింది ఆమె భర్తే. ఆ రోజు వీధంతా వచ్చి ఫొటోలు తీసుకుంది. కొలతలు తీసిందెవరో, వైర్లన్నిటికీ గుర్తులు కట్టిందెవరో ఎవరూ అడగలేదు. ఆమె ఆ సేపంతా వచ్చినవాళ్లకి టీలు అందిస్తూనే ఉంది. పెళ్లయిన పదహారేళ్లలో స్పానరు పట్టని రోజు లేదు. అయినా ఎవరైనా "మీ ఆవిడ ఏం చేస్తుంటారు?" అంటే, "ఏం లేదు, ఇంట్లోనే" అనేవాడు. ఆ "ఇంట్లోనే" అన్న మాటలో షెడ్డు కూడా ఉందన్న సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు.

మాస్టారు వెళ్లాక భర్త, "బ్రేకులు, స్టీరింగు, పెట్రోలు గొట్టాలు... అదంతా చిల్లర పని. నువ్వు చూసెయ్" అన్నాడు.

చిల్లర పని అన్న మాట ఆమెకు కొత్త కాదు. అంట్లు చిల్లర పనే, పిల్లకి జ్వరమొస్తే రాత్రంతా కూర్చోవడం చిల్లర పనే. అవి ఒక్కపూట ఆగితే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తారు. కానీ ఈసారి ఆమెకు కోపం రాలేదు. పైపెచ్చు లోపల్లోపల గంతేసింది. ఎవరూ తలదూర్చని పని, మొదట్నుంచి చివరిదాకా తనదే అయిన పని, ఇన్నాళ్లకి చేతికొచ్చింది!

ముందు చక్రాల పాత డ్రమ్ము బ్రేకులు పీకి, గట్టిగా పట్టే డిస్కు బ్రేకులు బిగించింది. స్టీరింగు చేతిలో జానెడు తిరిగితేగాని టైరుకు కబురందేది కాదు. అరిగిన స్టీరింగు పెట్టె మార్చి, కొత్త ఇంజనుతో ముందువైపు పెరిగిన బరువుకు తగ్గట్టు పవర్ స్టీరింగు పెట్టింది. పెట్రోలు దగ్గరే చిక్కొచ్చింది. కొత్త ఇంజను ఆకలికి పాత పంపు చాలడం లేదు సరే, మలుపు తిరిగినప్పుడల్లా ఇంజనుకు ఆ దగ్గెందుకు? రెండు రోజులు అదే ఆలోచన. మూడోరోజు సగం నిండిన బకెట్టుతో వరండా మలుపు తిరుగుతుంటే నీళ్లన్నీ ఒక పక్కకు ఒరిగి కాళ్లమీద పడ్డాయి. ట్యాంకులో పెట్రోలు కూడా అంతే కదా! తడికాళ్లతో అక్కడే నిలబడి పకపకా నవ్వింది. క్యాలెండరు వెనక బొమ్మగీసి, పెట్రోలు ఒరిగిపోకుండా లోపల అడ్డురేకులున్న కొత్త ట్యాంకు చేయించి, పెద్ద పంపుని ఆ రేకుల మధ్యలో దించింది.

ఇక బ్రేకు గొట్టాల్లో గాలి తీయాలి. పెడలు తొక్కడానికి ఒక మనిషి కావాలి. భర్త "తర్వాత చూద్దాం" అన్నాడు. ఆమె బట్టలు మడతపెడుతున్న అత్తగారిని పిలిచింది.

"నేనా! డ్రైవరు సీట్లోనా?"

"తొక్కమన్నప్పుడు తొక్కండి అత్తయ్యా. నేను చెప్పేదాకా వదలొద్దు."

"ఇన్నాళ్లకి నామీద పెత్తనం దొరికిందన్నమాట నీకు!"

కొత్తకోడలిగా ఉన్నప్పుడు "ఆడదాని గోళ్లకి ఆ నలుపేమిటి?" అని నలుగురిలో అన్నది ఈ అత్తగారే. ఇప్పుడు చీర కుచ్చిళ్లు ఎగదోపి, పంటిబిగువున తొక్కుతోంది. బ్రేకు గొట్టం చివర పెట్టిన గాజుసీసాలో గాలి బుడగలు మొదట బుడబుడా వచ్చాయి, తర్వాత ఒకటీ అరా, ఆ తర్వాత లేవు.

"అమ్మాయ్! కాలికింద రాయిలా అయిందే!"

"అదే అత్తయ్యా! అదే కావాల్సింది!"

కారు కింద ఒకరు, కారులో ఒకరు కేకలేసుకుంటుంటే భర్త గుమ్మంలోకొచ్చి తెల్లబోయి చూశాడు. అత్తగారు దిగలేదు. స్టీరింగు నిమురుతూ, "మీ మావయ్య నన్ను ఈ షెడ్డు గడప తొక్కనివ్వలేదే. నాకూ కాళ్లున్నాయని నాకే తెలీకుండా పోయింది" అంది.

మర్నాడు పొద్దున్నే ఆమె కారును వాలుదారిలో పరీక్షకు తీసింది. అత్తగారు పక్క సీటు వదల్లేదు. కారు మలుపు తిరిగింది, దగ్గలేదు. వేగం పెంచి బ్రేకు తొక్కితే, అటూ ఇటూ లాగకుండా గీత గీసినట్టు ఆగింది. ఆమె కళ్లు చెమర్చాయి. "ఇంకోసారి!" అంది అత్తగారు. అలా ఐదుసార్లు.

సాయంత్రం మాస్టారు నడిపి చూసి, దిగుతూనే భర్త చెయ్యి పట్టుకున్నాడు. "బ్రేకులు ఎవరు వేశారయ్యా?"

"మనమే మాస్టారూ. మా ఆవిడ కూడా కాస్త సాయం చేసింది."

మామూలుగా అయితే ఆమె ఈపాటికి టీకి లోపలికెళ్లేది. ఈరోజు కాళ్లు కదల్లేదు.

"పని నేను చేశానండీ. సాయం మా అత్తయ్య చేశారు."

మాస్టారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, భర్త చెయ్యి వదిలి, ఆమెకు చేతులు జోడించాడు. భర్త చెవులు ఎర్రబడ్డాయి. "అవును మాస్టారూ, తనే" అన్నాడు మెల్లగా.

వారం తిరక్కుండా మరో పాతకారు వచ్చింది. భర్త హుషారుగా పెద్ద ఇంజనుకు గొలుసు తగిలించి పైకి లేపాడు. వీధి మళ్లీ ఫొటోలకి గుమిగూడింది. ఆమె జనాన్ని తప్పించుకుంటూ వచ్చి గొలుసు పట్టుకుంది.

"దించండి. ముందు నేను బ్రేకులు వేస్తాను. అవి ఎంత బలాన్ని ఆపగలవో చెప్తాను. ఆ తర్వాతే ఏ ఇంజనో మీరు చూసుకోండి."